కచ్చా కుట్లు

ఆ ఏడు పొగమంచు ముందే దిగింది. పొద్దున్నే కొట్టు తలుపు తీస్తే వీధి ఉండేది కాదు. ఎదురింటి మెట్లు, వాటి మీద పడుకునే కుక్క, మూల మీది బేకరీ అన్నీ ఎక్కడికో పోయి, కుక్క మొరుగు ఒక్కటే మిగిలేది. కాసేపటికి ఒక్కొక్కటే తిరిగొచ్చేవి. ఆ తెల్లదనంలోంచి, చేతుల మీద కోట్లు వేసుకుని ముసలివాళ్ళు మా కొట్టుకి నడిచొచ్చేవాళ్ళు. ముందు దగ్గు వినపడేది, తర్వాత కోటు కనపడేది, ఆ తర్వాతే మనిషి.

మాది కుట్టుపని కొట్టు. కింద కొట్టు, పైన రెండు గదులు, ఉండేది అత్తయ్యా నేనూ. అమరుల దినం దగ్గరపడిందంటే మాకు తల గోక్కోవడానికి తీరిక ఉండదు. ఏడాది పొడుగునా పెట్టెల్లో పడుకున్న సిపాయి కోట్లన్నీ ఆ రోజుల్లోనే లేస్తాయి. కొన్నిటిని పురుగు తిని ఉంటుంది. ఎక్కువ వాటిని మాత్రం యజమానే తిని ఉంటాడు. యుద్ధం నాటి నడుముకీ ఇప్పటి పొట్టకీ మధ్య సంధి కుదర్చడమే మా పని.

అందరికంటే ముందు వచ్చేది కెప్టెన్ గారు. యుద్ధంలో ఆయన చేసింది వంట. అయినా ఊళ్ళో అందరికీ ఆయన కెప్టెనే. ఊరేగింపులో ఎవరి వెనక ఎవరు నడవాలో చూసేదీ ఆయనే.

"మళ్ళీ బిగిసిందమ్మా కోటు. పెట్టెలో చెమ్మ చేరినట్టుంది, బట్ట కుదించుకుపోయింది" అన్నాడు ఆ ఏడు కూడా.

"పెట్టెనంటావేం, తప్పంతా కంచానిదైతే?" అంది అత్తయ్య, కోటు లోపలి మడత వేళ్ళతో తడిమి చూస్తూ. "ఇంకా వేలెడు బట్ట మిగిలింది. ఇదీ వదిలేశాక నా దగ్గరికి రాకు. వచ్చే ఏడు కోటు చంకలో పెట్టుకుని నడువు."

తిరిగొచ్చినవాళ్ళు ఊరేగింపులో ముందు నడుస్తారు. వాళ్ళ వెనక, తిరిగి రానివాళ్ళ కోట్లు నడుస్తాయి. అంటే, ఆ ఇంటినుంచి ఒకరు ఆ కోటు తొడుక్కుని నడుస్తారు. తండ్రి గానీ, చెల్లెలు గానీ, పెళ్ళాం గానీ, ఎవరైనా సరే. ఆ వరస కూడలిలోకి రాగానే బ్యాండు ఆగిపోతుంది. చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. ఏ ఇంటినుంచైనా ఎవరూ రాకపోతే ఆ చోటు ఖాళీగా ఉంచరు. వెనకవాళ్ళు ఒక అడుగు ముందుకి జరుగుతారు, అంతే. ఆ అడుగంటే ఊళ్ళో అందరికీ భయం.

మా ఇంటినుంచి నడిచేది నేను, మా ఆయన కోటు తొడుక్కుని.

ఆ కోటు అత్తయ్యే కత్తిరించి కుట్టింది. కొడుక్కి అప్పటికింకా మీసం కూడా సరిగ్గా రాలేదట. ముందు ముందు ఒళ్ళు చేస్తాడని కుట్ల లోపల బట్ట ధారాళంగా వదిలింది. ఆ బట్ట అలాగే ఉండిపోయింది. సరిహద్దుకి పంపేటప్పుడు పెరేడు కోటు ఇంట్లో పెట్టి రమ్మన్నారని, ఆయన దాన్ని గోడకి తగిలించి వెళ్ళాడు. తర్వాత కబురొచ్చింది. మనిషి రాలేదు, మనిషి తాలూకు ఏదీ రాలేదు.

కోటు నాకు బాగా వదులు. అందుకని ప్రతి ఏడూ ఆ రోజుకి ముందు అత్తయ్య దాన్ని నా కొలతకి కుదించేది. కత్తెర తాకించకుండా, మిషను ఎక్కించకుండా, చేత్తో పొడుగాటి కచ్చా కుట్లు వేసేది. కొస పట్టుకుని లాగితే ఊడివచ్చే కుట్లవి. ఊరేగింపు నుంచి వచ్చి నేను కోటు విప్పగానే, నా ఒంటి వేడి అందులోంచి పోకముందే, కొస పట్టుకుని లాగేసేది. ఇస్త్రీ చేసి, మళ్ళీ ఆయన కొలతకి తెచ్చి గోడకి తగిలించేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. వచ్చినవాడికి పట్టాలి కదా.

ఆ ఒక్క రోజు మాత్రం తను గడప దాటేది కాదు. "నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా" అనేది. ఆ మోకాళ్ళతోనే పొద్దస్తమానం మిషను తొక్కేది.

ఇక గుండీల మారాజు సంగతి చెప్పాలి. ఆ పేరు అత్తయ్య పెట్టింది. ఆయన పని వీధి దీపాలు బాగుచెయ్యడం, తీరికప్పుడు ఊరి బ్యాండులో ట్రంపెట్ వాయించడం. ఆ ఏడు ఆయన బ్యాండు కోటుకి గుండీలు నిలవకుండా పోయాయి. ఇవాళ కుట్టిస్తే ఎల్లుండికి ఊడేది. మా కొట్టు ముందున్న దీపానికి కూడా ఆ ఏడు రాని జబ్బు లేదు.

"మళ్ళీ ఊడిందండీ" అన్నాడు ఒక మధ్యాహ్నం, మంచులో తడిసిన జుట్టుతో వచ్చి.

అత్తయ్య కళ్ళద్దాలు ముక్కు మీదికి లాక్కుని, కోటుకి మిగిలిన దారాన్ని వెలుతురుకి పట్టి చూసింది. "ఊడిన దారానికి కొస పీచుపీచుగా ఉంటుంది నాయనా. ఇది బ్లేడుకి తెగింది."

"అంటే... దీపాల పని కదండీ. వైర్లు కోసే బ్లేడు జేబులో ఉంటుంది."

"జేబులో బ్లేడు మెడ దాకా ఎగిరొచ్చి గుండీ కోసి మళ్ళీ జేబులోకి దూకిందా? ఇటివ్వు."

ఆయన చెవులు ఎర్రగా కందిపోయాయి. నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు, దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలీక ఇస్త్రీపెట్టె కింద బట్ట మీద నీళ్ళు చిలకరించాను. ఆవిరి గుప్పున లేచి నా మొహాన్ని కప్పేసింది. ఆవిరి పోయేసరికి ఆయన ఇంకా నావైపే చూస్తున్నాడు.

తర్వాత ఒక సాయంత్రం, నేను గుమ్మంలో చెత్త ఊడుస్తుంటే, "నిచ్చెన కాస్త పట్టుకుంటారా?" అని వినిపించింది. వెళ్ళి పట్టుకున్నాను. ఆయన ఎక్కాడు. మంచులో నడుము పైన ఏమీ కనపడలేదు. నా మొహానికెదురుగా మట్టి అంటిన బూట్లు, అంతే. మాట మాత్రం పైనుంచి వచ్చింది.

"ఇన్నేళ్ళూ కూడలిలో మిమ్మల్ని చూస్తూనే ఉన్నానండీ. మీరు వచ్చేసరికి మమ్మల్ని ఆపెయ్యమంటారు. ట్రంపెట్ చంకలో పెట్టుకుని నిలబడతాను. మీ వరస దాటిపోయాక మళ్ళీ మొదలుపెట్టేది నేనే. ఒక్క ఏడు కూడా మొదటి స్వరం తిన్నగా పలకలేదు."

"ఆ పాటేమిటో నాకు తెలీదు. అప్పటికి మేం సందు తిరిగిపోతాం" అన్నాను బూట్లతో.

"తెలుసు. అందుకే, ఒక్కసారి మీరు దగ్గరుండి వింటే బావుణ్ణని." కాసేపు పైన తీగలు కదిలిన చప్పుడు. "నన్ను పెళ్ళి చేసుకుంటారా అని అడుగుతున్నాను. కిందికి దిగి అడిగే ధైర్యం లేదు, ఏమనుకోకండి."

నిచ్చెన ఊగింది. నేనే ఊపానేమో.

దీపం వెలిగింది. మంచులో ఆ వెలుగు ఎటూ పోలేక మా ఇద్దరి చుట్టూ పసుపుపచ్చగా నిలబడిపోయింది. ఆ వెలుగులో నాకు ఔననాలని ఎంత ఉందో చెప్పలేను. కానీ మళ్ళీ పెళ్ళి చేసుకున్న మనిషి పాత కోటు తొడుక్కోకూడదు. అది ఊళ్ళో ఎవరూ చెప్పనక్కర్లేని మాట. అత్తయ్య నడవదు. మా ఇంట్లో మూడో మనిషి లేదు. నేను ఔనంటే మా ఆయన చోటు మూసుకుపోతుంది, వెనకవాళ్ళు ఒక అడుగు ముందుకి జరుగుతారు. ఆ అడుగు చప్పుడు కొట్టులో కూర్చున్న అత్తయ్యకి వినపడుతుంది.

"అమరుల దినం కానివ్వండి" అన్నాను.

"అలాగే" అన్నాయి బూట్లు.

ఆ వారమే అత్తయ్య చెయ్యి కాలింది. వేడి ఇస్త్రీపెట్టె జారిపోతుంటే అరచేత్తో పట్టుకుంది. కింద కెప్టెన్ గారి కోటు పరిచి ఉంది మరి. "పోనీ కోటే కాలనివ్వకపోయారా?" అని నేను ఏడుస్తుంటే, "బావుంది! వేలెడు బట్ట కూడా లేని కోటుకి అతుకెక్కడ వెయ్యను?" అంది పళ్ళ బిగువున. కుడిచేతికి పెద్ద కట్టు పడింది. పనంతా నా మీద పడింది.

"ఈ ఏడు వాడి కోటుకి కచ్చా కుట్లు నువ్వే వేసుకో. పొడుగ్గా వెయ్యి. కొస వదలడం మర్చిపోకు" అని చెప్పి పైకెళ్ళి పడుకుంది.

ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ కలలాగే గుర్తుంది. కిటికీకి ఆవల ఏమీ లేదు, తెలుపు తప్ప. పగలే దీపం పెట్టుకున్నాను. చుట్టూ కడ్డీలకి వేలాడుతున్న కోట్ల మీంచి ఇస్త్రీ ఆవిరి ఇంకా లేస్తోంది. గాలి లేకపోయినా వాటి చేతులు అప్పుడప్పుడు కదిలేవి. ఎక్కడో దూరాన, ఏ వీధిలోనో చెప్పలేను, ట్రంపెట్ సాధన చేస్తున్నారు. ఒకే ముక్క, మళ్ళీ మళ్ళీ. ఆ ముక్కకి తగ్గట్టు నా పాదాలు పెడలు తొక్కుతున్నాయి. ఒక కోటు అయిపోతే చెయ్యి దానంతటదే ఇంకోటి అందుకుంది. పక్కలు మడిచి, సూది కిందికి తోసి, చక్రం తిప్పి, దారం ముడేసి, తెంపి. ఎక్కడికో నడిచి వెళుతున్నట్టుంది, దారి బావుంది, ఎవరూ ఆపడం లేదు.

ట్రంపెట్ ఆగిపోయింది. నేను ఆగాను. ఒళ్ళో ఉన్నది మా ఆయన కోటు.

రెండు పక్కలా నా కొలతకి కుట్టేశాను. మిషను మీద, దగ్గర దగ్గర కుట్లు, కొసలు రెండేసి ముడులు. బతికున్నవాళ్ళ కోట్లకి వేసినట్టే వేశాను.

దాచలేదు. మెట్లెక్కి వెళ్ళి అత్తయ్య మంచం మీద పెట్టాను. ఆవిడ ఎడమచెయ్యి చాచి, చూడకుండానే లోపలి కుట్టు మీద బొటనవేలు పోనిచ్చింది. సగం దాకా వెళ్ళి వేలు ఆగింది.

"ఇది మిషను కుట్టు."

"పొరపాటున అత్తయ్యా. వరసలో పడి..."

"ఊఁ. పొరపాటే." నావైపు తిరిగింది. "పొరపాటేనా?"

"తెలీదు అత్తయ్యా" అన్నాను. ఆ ఒక్క మాటే నాకు తెలిసిన నిజం.

"ఆ దీపం వాడేనా?"

"ఔను."

"పెళ్ళన్నాడా?"

"అన్నాడు. అమరుల దినం కానివ్వమన్నాను."

అత్తయ్య కోటు మడత పెట్టి దిండు పక్కన పెట్టుకుంది. కిటికీలోకి చాలాసేపు చూసింది, అక్కడ చూడ్డానికేమీ లేకపోయినా. తర్వాత, "టీ పెట్టు. గొంతు ఎండిపోయింది" అంది.

మర్నాటి నుంచి ఎడమచేత్తో ఆ కుట్లు విప్పడం మొదలుపెట్టింది. మిషను కుట్టు లాగితే రాదు, ఒక్కొక్కటీ బ్లేడు మొనతో తెంపాలి. అలవాటు లేని చెయ్యి. నేను అందుకోబోతే కోటు అవతలికి జరుపుకుంది. "కుట్టింది నువ్వు. విప్పుకోవడం నా పని" అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటేనే బావుండేది.

రోజూ కొంచెం విప్పేది. మా మధ్య మాటలు బట్టల దాకానే వచ్చి ఆగేవి. ఆ దారం ఇటివ్వు, ఈ కాలరు చూడు, కెప్టెన్ కోటు కట్టిపెట్టు. నాకు జవాబు దొరికిందనే అనుకున్నాను. ఆవిడ కోటుని మళ్ళీ కొడుకు కొలతకి తెచ్చుకుంటోంది, తర్వాత మామూలుగా కచ్చా కుట్లు పడతాయి, నేను మామూలుగా నడుస్తాను. దీపం దగ్గరికి వెళ్ళడం మానేశాను. చిత్రంగా దీపానికి జబ్బులూ నయమయ్యాయి. మంచులో ట్రంపెట్ వినపడితే మాత్రం పెడలు తొక్కడం ఆపేసేదాన్ని. అత్తయ్య తల ఎత్తేది కాదు.

చివరి కుట్టు కూడా వచ్చేశాక కోటుకి ఆవిరి పట్టింది. కట్టు విప్పేసిన చేత్తో, ఆ కొత్త చర్మంతో, మెల్లగా, చాలాసేపు. ఎంత పట్టినా సూది పోట్లు పూడలేదు. రెండు పక్కలా సన్నటి చుక్కల వరస అలాగే ఉండిపోయింది. దాని మీద చెయ్యి వేసి రాసి, "ఉండనీ" అంది.

ముందు రోజు కెప్టెన్ గారు వచ్చి కోటు తొడిగి చూసుకున్నాడు. ఊపిరి బిగబట్టి గుండీలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టే, "మీ ఇంటినుంచి అమ్మాయే కదా?" అనడిగాడు.

"మా ఇంటి కోటు వస్తుంది. లోపల ఎవరుంటే నీకేం? చోటుంచు" అంది అత్తయ్య.

అమరుల దినం పొద్దున నేను మెట్లు దిగేసరికి అత్తయ్య కోటు తొడుక్కుని నిలబడి ఉంది.

కచ్చా కుట్టు ఒక్కటి కూడా లేదు. ఆయన కొలతలోనే ఉంది కోటు. భుజాలు జారిపోయాయి. అంచు మోకాళ్ళు దాటింది. చేతులెక్కడున్నాయో తెలీడం లేదు. గుండీలన్నీ పెట్టుకుంది.

"అత్తయ్యా..."

"ఏం, బాగాలేనా?"

"మోకాళ్ళు?"

"మోకాళ్ళకేమొచ్చింది? బాగాలేవని ఎవరన్నారు?" అంది గయ్యిమని. తర్వాత గొంతు తగ్గింది. "వాడు రాడన్న సంగతి ఇన్నాళ్ళూ నీ చేత మోయించాను పిల్లా. నేను మాత్రం వాడొస్తాడని గోడకి తగిలించుకుని కూర్చున్నాను. పట్టకుండా పోతుందేమోనని ఒకటే బెంగ. పట్టేదేమీ లేదు. నేను నడుస్తాను."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడని గట్టిగా పట్టుకున్నాను. కోటులో మనిషి దొరకడానికి కాసేపు పట్టింది.

"వదులు, ఇస్త్రీ నలుగుతుంది. నువ్వు పోయి బ్యాండు దగ్గర నిలబడు. నీ కోటు వేసుకో, నీ సొంత కోటు. చలిగా ఉంది."

కూడలిలో మంచు అప్పుడే పలచబడుతోంది. జనంలో నిలబడి ఊరేగింపు చూడడం నాకదే మొదలు. ముందు ముసలి సిపాయిలు వచ్చారు, బ్యాండు మోగుతూనే ఉంది. కెప్టెన్ గారు పొట్ట లోపలికి పీల్చుకుని నడిచాడు. ఆయన వెనక మంచులోంచి మొదటి కోటు రాగానే బ్యాండు ఆగిపోయింది. నాకు దగ్గర్లోనే ఉన్నాడు గుండీల మారాజు. ట్రంపెట్ చంకలో పెట్టుకుని వరసకేసి చూస్తున్నాడు. నా కోసం వెతుకుతున్నాడని తెలిసింది. పక్కనే ఉన్న నన్ను చూసుకోలేదు.

అత్తయ్య వచ్చింది. పొడుగాటి చేతులు ఊగుతున్నాయి, వాటి కొసల్లో వేళ్ళు లేవు. మెల్లగానే నడుస్తోంది, కానీ వరస తప్పలేదు. తల ఎత్తుకునే ఉంది. జనం చూస్తున్నారు, ఎవరూ గుసగుసలాడలేదు. మా ముందు నుంచి దాటేటప్పుడు ఆవిడ చెప్పుల చప్పుడు నాకు విడిగా వినపడింది. ఒక చప్పుడు గట్టిగా, ఒకటి తేలిగ్గా. మోకాళ్ళు నిజంగానే నొప్పి పెడుతున్నాయి పాపం. ఇన్నేళ్ళూ అబద్ధమనుకున్నాను.

ఆవిడ వెనక ఎవరూ ముందుకి జరగలేదు. చివరి కోటు సందు తిరిగింది. అప్పుడాయన ఇటు తిరిగి నన్ను చూశాడు, నా మామూలు కోటులో.

ట్రంపెట్ ఎత్తాడు. మొదటి స్వరం ఆ ఏడు కూడా తిన్నగా రాలేదు. తర్వాతంతా బాగానే వాయించాడు. ఆ మధ్యాహ్నం నేను మిషను తొక్కింది ఆ పాటకే.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య కోటు విప్పకుండా కొట్టు మధ్యలో నిలబడి ఉంది. సుద్దముక్క నా చేతికిచ్చింది.

"చేతులకి గుర్తు పెట్టు. మణికట్టు దాకా."

పెట్టాను. అత్తయ్య కోటు విప్పి, బల్ల మీద పరిచి, చేతుల ముడతలు సరిచేసింది.

"కచ్చా కుట్లేగా?" అన్నాను.

"కత్తిరించి, మిషను ఎక్కించు. పక్కలు కూడా నా కొలతకి తెచ్చెయ్యి. వచ్చే ఏడు నడవాలా వద్దా? ఆ కెప్టెన్ ఇవాళ నన్ను చూసి నవ్వాపుకోలేక దగ్గాడు." కత్తెర నావైపు జరిపింది. "నువ్వే కానివ్వు. నా చెయ్యింకా తిన్నగా లేదు."

ఆవిడ చెయ్యి ఎప్పుడో మానింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

కత్తెర బట్టలోకి దిగింది. అత్తయ్య కళ్ళు మూసుకుంది. రెండో చెయ్యి కూడా తెగి, బట్ట ముక్క బల్ల మీంచి కింద పడేదాకా తెరవలేదు. తర్వాత వంగి ఆ ముక్కలు తీసుకుంది. దులిపి, మడిచి, జేబులో పెట్టుకుంది. నేను మిషను దగ్గర కూర్చున్నాను. ఆవిడ పక్కన నిలబడి చక్రం తిప్పుతుంటే నేను తొక్కాను. ముడులు రెండేసి వేశాను.

కిటికీ బయట మంచు మళ్ళీ కమ్ముతోంది. దీపస్తంభం పక్కన ఎవరో నిలబడి ఉన్నారు, ట్రంపెట్ పెట్టె చేత్తో పట్టుకుని. అత్తయ్య అటు చూడనేలేదు. కుట్టు మీద బొటనవేలు పోనిస్తూ అంది:

"ఆ మారాజుని లోపలికి రమ్మను. ఇవాళ గుండీలన్నీ ఉన్నట్టున్నాయి, పాపం ఏ వంకా దొరకడం లేదు."

నేను లేచి వెళ్ళి తలుపు తీశాను.